నిల్వ ఆహారంలో వేడికి పుట్టే రసాయనాలు: ప్రయోగశాలలు వాటిని ఎలా పట్టుకుంటాయి?

సీల్ వేసిన డబ్బాలో, సీసాలో, పౌచ్‌లో ఉన్న ఆహారం నెలల తరబడి చెడిపోకుండా ఉండటానికి ముఖ్య కారణం దానికి పట్టించిన వేడి. సూక్ష్మజీవులను చంపేది అదే. అయితే ఆ వేడికే, ఆ డబ్బాలోనే, చక్కెరలు, అమైనో ఆమ్లాలు, విటమిన్ సి, కొవ్వులు విరిగి కొన్ని కొత్త రసాయనాలు తయారవుతాయి. వాటిలో ఫ్యూరాన్, అక్రిలమైడ్ లాంటివి ప్రయోగశాల జంతువుల్లో క్యాన్సర్ కలిగించాయి.

దీన్ని కల్తీ అనలేం. ఎవరూ తెచ్చి కలపలేదు. లేబుల్ మీద పేరు ఉండదు. ఉండే మోతాదు కూడా కిలో ఆహారంలో కొన్ని మైక్రోగ్రాములే, అంటే వంద కోట్ల భాగాల్లో కొన్ని భాగాలు. అంత తక్కువ మోతాదును కొలవడం నేటి యంత్రాలకు పెద్ద పని కాదు. అసలు చిక్కు వేరే ఉంది. కొలిచే క్రమంలోనే ఈ పదార్థాలు ఎగిరిపోవచ్చు, లేదా అప్పటికప్పుడు కొత్తగా పుట్టవచ్చు. డబ్బాలో ఉన్నదెంత, ప్రయోగశాల చేతుల్లో పోయినదెంత, పుట్టినదెంత అన్నది విడదీయకపోతే నివేదికలోని అంకెకు అర్థం లేదు.

వేడి తగ్గిస్తే సరిపోదా?

ఎవరికైనా మొదట వచ్చే ప్రశ్న ఇదే. జవాబు క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా దగ్గర ఉంది. గాలి తగలని చోట పెరిగి, నరాలను స్తంభింపజేసే విషాన్ని తయారుచేస్తుంది. దాని స్పోర్లు నీళ్లు మరిగే వేడికి చావవు. అందుకే పప్పు, కూరలు, మాంసం, చేప లాంటి పులుపు తక్కువగా ఉన్న ఆహారాన్ని, అంటే పీహెచ్ 4.6 కంటే ఎక్కువ ఉన్నదాన్ని, డబ్బాలో పెట్టి ఆవిరి ఒత్తిడిలో ఉడికిస్తారు. డబ్బాలో అన్నిటికంటే ఆలస్యంగా వేడెక్కే చోటుకు కూడా 121 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 3 నిమిషాలకు సమానమైన వేడి అందాలన్నది పరిశ్రమ పాటించే కనీస లెక్క. లక్ష కోట్ల స్పోర్లు ఉంటే ఒక్కటి మాత్రమే మిగిలే అవకాశం ఉండేలా వేసిన లెక్క అది. ఇందులో బేరం లేదు. ఫ్యూరాన్ భయంతో ఆ వేడిని తగ్గించిన తయారీదారు ఎప్పుడో జరగవచ్చనే నష్టాన్ని తప్పించబోయి రేపే మనిషిని చంపగల ప్రమాదాన్ని తెచ్చుకుంటాడు.

డబ్బా మధ్యభాగం ఆ వేడిని అందుకునేలోపు అంచుల్లోని ఆహారం అంతకు ఎన్నో రెట్ల వేడిని తింటుంది. మార్చుకోవడానికి వీలున్నది ఇక్కడే. పలుచగా ఉండే రిటార్ట్ పౌచ్‌లో వేడి మధ్యకు త్వరగా చేరుతుంది కాబట్టి అంచులు అతిగా ఉడకవు. మైసూరులోని రక్షణ శాఖ ఆహార పరిశోధన ప్రయోగశాల సైనికుల కోసం ఈ పౌచ్ ఆహారాన్ని అభివృద్ధి చేసింది. అలాంటి ప్యాకెట్లే ఇవాళ సూపర్ మార్కెట్లలోనూ, అమెరికాలో, గల్ఫ్‌లో ఉండే తెలుగువాళ్ల వంటింటి అరల్లోనూ కనిపిస్తున్నాయి. చిత్తూరు ప్రాంతం నుంచి ఎగుమతయ్యే మామిడి గుజ్జుది వేరే దారి. పులుపు ఉంటుంది కాబట్టి దానికి 121 డిగ్రీలు అక్కర్లేదు, వంద లోపు వేడి చాలు. ఇక ఆవకాయకు ఈ గొడవే లేదు. దాన్ని నిలబెట్టేవి ఉప్పు, పులుపు, నూనె.

సొరంగం నుంచి చిప్స్ దాకా

ఈ మొత్తం విషయం ప్రపంచం దృష్టికి వచ్చింది ఆహారం ద్వారా కాదు. 1997లో దక్షిణ స్వీడన్‌లోని హాలన్సోస్ కొండలో రైలు సొరంగం తవ్వుతున్నారు. నీటి ఊట ఆపడానికి వాడిన పూతలో అక్రిలమైడ్ ఉంది. అది నీటిలో కలిసింది. ఆ నీళ్లు తాగిన ఆవులకు కాళ్లు పడిపోయాయి, చేపలు చనిపోయాయి. కార్మికుల శరీరాల్లోకి ఎంత చేరిందో తెలుసుకోవడానికి స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న అక్రిలమైడ్ ఆనవాళ్లను కొలిచారు. పోల్చి చూడటానికి ఆ సొరంగంతో ఏ సంబంధమూ లేనివాళ్ల రక్తం కూడా తీసుకున్నారు. వాళ్లలోనూ ఆ ఆనవాళ్లు ఉన్నాయి.

పోలిక కోసం తీసుకున్న నమూనాయే పెద్ద వార్త అయింది. వేయించిన మేత పెట్టిన ఎలుకల్లో ఆనవాళ్లు పెరిగాయి. 2002 ఏప్రిల్‌లో స్వీడన్ ఆహార అధికారులు ప్రకటన చేశారు: చిప్స్, వేయించిన బంగాళదుంపలు, రొట్టెల్లో అక్రిలమైడ్ ఉంది. అదే ఏడాది దాని మూలం కూడా దొరికింది. బంగాళదుంపల్లో, ధాన్యాల్లో ఉండే ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం చక్కెరలతో కలిసి, అధిక వేడిలో అక్రిలమైడ్‌గా మారుతుంది. వేపుడుకు బంగారు రంగునూ, కమ్మటి వాసననూ ఇచ్చే మయార్డ్ చర్య కుటుంబంలోదే ఇదీ.

2004 మే నెలలో అమెరికా ఎఫ్‌డీఏ మరో పేరును ముందుకు తెచ్చింది: ఫ్యూరాన్. కాఫీ వాసనలో అది ఉంటుందని అంతకు దశాబ్దాల ముందే రసాయన శాస్త్రవేత్తలకు తెలుసు. డబ్బాల్లోని సూపులు, బీన్స్, సాస్‌లలోనూ, పసిపిల్లల కోసం సీసాల్లో అమ్మే ఆహారంలోనూ ఉండటమే కొత్త సంగతి.

31 డిగ్రీలకే మరిగే పదార్థం

ఫ్యూరాన్ చాలా చిన్న అణువు. నాలుగు కార్బన్లు, ఒక ఆక్సిజన్, నాలుగు హైడ్రోజన్లు, అంతే. 31 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఏసీ లేని గదిలో అది ద్రవంగా నిలవదు. విటమిన్ సి, చక్కెరలు, కొన్ని అమైనో ఆమ్లాలు, బహుళ అసంతృప్త కొవ్వులు, కెరోటిన్లు, ఇలా ఎన్నో దారుల్లో పుడుతుంది. ఇంట్లో మూత తీసి వండే కూరలో పుట్టినా చాలావరకు ఆవిరితో పాటే పోతుంది. సీల్ వేసిన డబ్బాలో పోయే దారి లేదు. సమస్య ప్రధానంగా నిల్వ ఆహారానిది, కాఫీది కావడానికి కారణం ఇదే. కాఫీ గింజల్లో, పొడిలో ఇది కిలోకు వేల మైక్రోగ్రాముల స్థాయిలో ఉంటే, సీసాల్లోని కూరగాయల శిశు ఆహారంలో పదుల్లో ఉంటుంది. పండ్ల గుజ్జుల్లో సాధారణంగా ఇంకా తక్కువ.

ఇలాంటి పదార్థాన్ని కొలవాలంటే మొదటి పరికరం ఫ్రిజ్. డబ్బాను తెరవడానికి ముందే బాగా చల్లబరుస్తారు. చల్లగా ఉండగానే గబగబా మెత్తగా కలిపి, కొన్ని గ్రాములు తూచి ఒక చిన్న గాజు సీసాలో వేస్తారు. సీసాలో పైన ఖాళీ జాగా వదులుతారు. మూత బిగించి నెమ్మదిగా వేడి చేస్తే ఫ్యూరాన్ ఆహారం నుంచి ఆ ఖాళీలోకి చేరుతుంది. ఆ గాలిలో కొంత భాగాన్ని సూదితో తీసి గ్యాస్ క్రోమటోగ్రాఫ్‌లోకి పంపుతారు. మిగిలిన వాసన పదార్థాల నుంచి ఫ్యూరాన్ అక్కడ విడిపోతుంది. చివర్లో ఉన్న మాస్ స్పెక్ట్రోమీటర్ దాన్ని బరువును బట్టి గుర్తిస్తుంది. ఫ్యూరాన్ అణువు బరువు 68. అది విరిగినప్పుడు వచ్చే ముఖ్యమైన ముక్క బరువు 39. ఈ రెండూ సరైన సమయంలో, సరైన నిష్పత్తిలో కనిపిస్తేనే అది ఫ్యూరాన్ అని ఒప్పుకుంటారు. ఒక్క 68 కనబడితే చాలదు. ఆ బరువున్నవి వేరేవీ ఉండొచ్చు.

ఎగిరిపోయేదాన్ని ఎంత జాగ్రత్తగా పట్టుకున్నా కొంత పోతుంది. దానికి కనిపెట్టిన ఉపాయం చాలా తెలివైనది. ఆహారాన్ని తూచగానే అందులో ‘బరువైన ఫ్యూరాన్’ను తెలిసిన మోతాదులో కలుపుతారు. ఇందులో నాలుగు హైడ్రోజన్ల బదులు నాలుగు డ్యుటీరియం పరమాణువులు ఉంటాయి. గుణాలన్నీ దాదాపు ఒకటే, బరువు మాత్రం 72. రెండూ కలిసే ఆవిరవుతాయి, కలిసే కారిపోతాయి. యంత్రం రెంటినీ విడిగా లెక్కపెడుతుంది.

ఉదాహరణకు 5 గ్రాముల పప్పులో 100 నానోగ్రాముల బరువైన ఫ్యూరాన్ కలిపారనుకుందాం. యంత్రంలో మామూలు ఫ్యూరాన్ సంకేతం, బరువైనదాని సంకేతానికి ఒకటిన్నర రెట్లు ఉంది. అంటే పప్పులో ఉన్నది 150 నానోగ్రాములు, గ్రాముకు 30, కిలోకు 30 మైక్రోగ్రాములు. మధ్యలో సగం ఎగిరిపోయినా రెండూ సగం సగం పోతాయి కాబట్టి ఆ నిష్పత్తి చెక్కుచెదరదు. (నిజంగా చేసేటప్పుడు వేర్వేరు మోతాదులతో గీసిన గ్రాఫ్ నుంచి చదువుతారు. సూత్రం మాత్రం ఇదే.)

ఈ ఉపాయం కాపాడలేనివి రెండున్నాయి. బరువైన ఫ్యూరాన్ కలపక ముందే ఎగిరిపోయినదాన్ని ఇది లెక్కలోకి తేలేదు. వెచ్చటి గదిలో డబ్బా తెరిచి అరగంట పక్కన పెట్టిన నమూనాకు ఎంత ఖరీదైన యంత్రమూ న్యాయం చేయలేదు. రెండోది ఇంకా ఇబ్బందికరమైనది. గాజు సీసాను వేడి చేసేటప్పుడు ఆహారంలో కొత్త ఫ్యూరాన్ పుడితే, అది మామూలు ఫ్యూరాన్ ఖాతాలోనే పడుతుంది. యంత్రానికి డబ్బాలో పుట్టినదీ, ప్రయోగశాలలో పుట్టినదీ వేరుగా తెలియవు.

ఇది ఊహ కాదు. ఎఫ్‌డీఏ తన పద్ధతిలో సీసాను తొలుత 80 డిగ్రీల వరకు వేడి చేసేది. ఆ వేడికే కొన్ని ఆహారాల్లో ఫ్యూరాన్ తయారవుతోందని గమనించి తర్వాత 60 డిగ్రీలకు తగ్గించింది. పద్ధతిని పరీక్షించే తీరు కూడా సులువే: ఒకే నమూనాను వేర్వేరు ఉష్ణోగ్రతల్లో, వేర్వేరు సమయాలపాటు ఉంచి చూడటం. సమయం పెరిగేకొద్దీ అంకె కూడా ఆగకుండా పెరుగుతుంటే, కొలుస్తున్నది డబ్బాను కాదు, ప్రయోగశాల పొయ్యిని. కొన్ని ప్రయోగశాలలు గాలిని నేరుగా లాగకుండా, వాసనను పీల్చుకునే పూత ఉన్న సన్నటి ఫైబర్‌ను ఆ ఖాళీలో ఉంచుతాయి. దానితో ఇంకా తక్కువ వేడిలో పని జరుగుతుంది.

పోలిక కోసం వాడే ఫ్యూరాన్ ద్రావణం తయారు చేయడమూ చిన్న పనేం కాదు. సిరంజిలో తీసేలోపే అది ఆవిరవుతుంది. కాబట్టి మూత వేసిన సీసాలోని మిథనాల్‌లోకి నేరుగా సూదితో ఎక్కించి, ముందూ వెనకా తూచి, బరువు తేడాతో మోతాదు లెక్కిస్తారు. పాతబడిన ద్రావణంలో ఫ్యూరాన్ తగ్గిపోయి ఉంటే, దానితో పోల్చిన ఆహారంలో ఫ్యూరాన్ ఎక్కువగా ఉన్నట్టు కనిపిస్తుంది.

ఫ్యూరాన్ ఒక్కటే వచ్చేది కాదు, దాని చుట్టాలు కూడా వస్తాయి. 2-మిథైల్‌ఫ్యూరాన్, 3-మిథైల్‌ఫ్యూరాన్ బరువులు ఒకటే, 82. మాస్ స్పెక్ట్రోమీటర్ వాటిని బరువుతో విడదీయలేదు. క్రోమటోగ్రాఫ్‌లోనే అవి వేర్వేరు సమయాల్లో బయటకు రావాలి. యూరోపియన్ కమిషన్ 2007లో ఫ్యూరాన్‌ను పర్యవేక్షించమని సభ్య దేశాలకు సూచించింది. 2022లో ఆ సూచనను మార్చి మిథైల్‌ఫ్యూరాన్ల లాంటివాటినీ చేర్చింది. ఫ్యూరాన్‌ను మాత్రమే కొలిచిన పాత నివేదికలు మొత్తం సంగతిని చెప్పవని దీని అర్థం.

అక్రిలమైడ్, నూనెలు: అదే కథ, వేరే వేషం

అక్రిలమైడ్‌ది ఫ్యూరాన్‌కు పూర్తిగా వ్యతిరేక స్వభావం. ఎగిరిపోదు, నీళ్లలో ఇట్టే కరుగుతుంది. కాబట్టి ఆహారాన్ని పొడి చేసి నీళ్లలో నానబెట్టి, పిండిపదార్థాలనూ కొవ్వులనూ వడగట్టి, ద్రవ క్రోమటోగ్రఫీ ద్వారా జంట మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపుతారు. ఇక్కడా బరువైన కవల ఉంటుంది, కార్బన్-13తో చేసినది. సాధారణంగా అధిక వేడిలో, పొడిగా ఉన్న ఆహారంలోనే అక్రిలమైడ్ పుడుతుంది. అందుకే డబ్బా ఆహారాల్లో తక్కువ. కానీ డబ్బాలో ఉడికించిన నల్ల ఆలివ్‌లు ఈ నియమాన్ని తప్పాయి. వాటిలో కిలోకు వందల మైక్రోగ్రాములు, కొన్నిసార్లు వెయ్యికి పైగా దొరికాయి.

దీనికీ ప్రయోగశాల తెచ్చిన తంటా ఉంది. 2003లో చిప్స్‌ను వేడి మిథనాల్‌తో రోజుల తరబడి కడిగి అక్రిలమైడ్‌ను రాబట్టిన ఒక అధ్యయనంలో, మామూలు పద్ధతికంటే ఎన్నో రెట్లు ఎక్కువ అంకె వచ్చింది. అప్పటిదాకా అందరూ తక్కువగా లెక్కిస్తున్నారా అన్న కలవరం మొదలైంది. ఆ ఎక్కువ అంతా వేడి మిథనాల్‌లో అక్కడికక్కడే పుట్టినదని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

నూనెలది మరీ విచిత్రం. వాసన పోగొట్టడానికి నూనెను 200 డిగ్రీలకు పైగా వేడి చేసినప్పుడు, ముఖ్యంగా పామాయిల్‌లో, 3-ఎంసీపీడీ ఎస్టర్లు, గ్లైసిడిల్ ఎస్టర్లు అనేవి పుడతాయి. పామాయిల్ ద్వారా అవి బిస్కెట్లలోకీ, శిశువుల పాలపొడిలోకీ చేరతాయి. వీటిని పరోక్షంగా కొలిచే పద్ధతుల్లో ముందు ఎస్టర్లను తెగ్గొడతారు. ఆ తర్వాతి దశలో మామూలు ఉప్పు వాడితే, అందులోని క్లోరైడ్ గ్లైసిడాల్‌ను 3-ఎంసీపీడీగా మార్చేస్తుంది. ఒక విషం ఇంకో విషం లెక్కలో పడుతుంది. జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ఈ లోపాన్నే పనిముట్టు చేసుకున్నారు. ఒకసారి క్లోరైడ్ ఉన్న ఉప్పుతో, ఇంకోసారి క్లోరైడ్ లేని ఉప్పుతో పరీక్ష చేసి, ఆ రెంటి తేడా నుంచి గ్లైసిడాల్ ఎంతో తేల్చారు.

అంకె చేతికొచ్చాక

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరణలో అక్రిలమైడ్, గ్లైసిడాల్ ‘మనుషుల్లో బహుశా క్యాన్సర్ కారకాలు’ అయిన 2ఏ జాబితాలో ఉన్నాయి. ఫ్యూరాన్, 3-ఎంసీపీడీ ‘కారకాలు కావచ్చు’ అనే 2బీ జాబితాలో ఉన్నాయి. వార్తల్లో ఈ జాబితాలను తరచూ తప్పుగా చదువుతాం. సాక్ష్యం ఎంత బలంగా ఉందో చెప్పేవి అవి. ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు.

ప్రమాదం అంచనాకు యూరప్ ఆహార భద్రత సంస్థ ఈఎఫ్‌ఎస్‌ఏ వేరే కొలమానం వాడుతుంది. జంతువుల్లో కణితులు పెరిగే అవకాశాన్ని కొద్దిగా పెంచే మోతాదుకూ, మనిషి రోజూ తినే మోతాదుకూ మధ్య ఎంత ఎడం ఉందో చూస్తుంది. జన్యువులను దెబ్బతీసే పదార్థాలకు ఆ ఎడం 10,000 రెట్లు ఉంటే పెద్దగా ఆందోళన అక్కర్లేదంటుంది. 2015లో అక్రిలమైడ్‌కు లెక్కగడితే సగటు పెద్దవాళ్లకు 425 రెట్లే ఉంది. ఎక్కువగా తినే పసిపిల్లలకు అది 50కి పడిపోయింది. ఫ్యూరాన్ విషయంలోనూ ప్రస్తుత స్థాయులు ఆరోగ్యపరంగా ఆందోళనకరమేనని 2017లో తేల్చింది. ఎక్కువగా లోనయ్యేది శిశువులే, సీసాల్లోని సిద్ధాహారం వల్ల. వాళ్ల బరువు తక్కువ, తినే రకాలూ తక్కువ.

2018 ఏప్రిల్ నుంచి యూరప్‌లో అక్రిలమైడ్‌కు ప్రామాణిక స్థాయులు అమల్లో ఉన్నాయి. బంగాళదుంప చిప్స్‌కు కిలోకు 750 మైక్రోగ్రాములు, వేయించిన కాఫీకి 400, శిశు ఆహారానికి 40. అవి దాటితే సరుకును వెంటనే వెనక్కి పిలవాలని కాదు. తయారీదారు తన పద్ధతిని సమీక్షించి సరిచేసుకోవాలి. ఈ తేడా తెలియకుండా ‘పరిమితికి మించిన విషం’ అని రాసే శీర్షికలు పాఠకుడిని తప్పుదారి పట్టిస్తాయి.

భారత్‌లో 2011 నాటి కలుషితాల నిబంధనల దృష్టి ప్రధానంగా భార లోహాలు, శిలీంధ్ర విషాలు, పురుగుమందులు, యాంటీబయాటిక్‌ల మీద ఉంది. మన కలుషితాలలో అవి ముందు వరుసలోనివే, కాబట్టి ఆ క్రమాన్ని తప్పుపట్టలేం. వేడికి సంబంధించి చట్టంలోకి ఎక్కినవాటిని చూస్తే మాత్రం ఒక సంగతి కనిపిస్తుంది. పదేపదే కాగిన నూనెలో ధ్రువ పదార్థాలు 25 శాతం దాటకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 జులై నుంచి అమలు చేస్తోంది. దాన్ని చేతిలో పట్టే చిన్న మీటరుతో హోటల్ వంటింట్లోనే చూడొచ్చు. తేనెను అతిగా వేడి చేశారో లేదో చెప్పే హెచ్‌ఎంఎఫ్‌కు కిలోకు 80 మిల్లీగ్రాముల పరిమితి ఉంది. దానికి అతినీలలోహిత కాంతితో పనిచేసే సాధారణ యంత్రం చాలు. నా ఉద్దేశంలో చట్టం వెళ్లే దారిని చాలాసార్లు విషం తీవ్రత ఒక్కటే నిర్ణయించదు, దాన్ని కొలవగల యంత్రం ధర కూడా నిర్ణయిస్తుంది. ఫ్యూరాన్‌కు కావలసింది మాస్ స్పెక్ట్రోమీటర్, బరువైన ఫ్యూరాన్, ఆ రెంటినీ నమ్మకంగా నడిపే మనిషి.

అందుకే ఎవరైనా ఒక బ్రాండు డబ్బాలో ఫ్యూరాన్ ఇంత ఉందని నివేదిక చూపిస్తే అడగాల్సినవి కొన్నున్నాయి. నమూనాను చల్లగా తెరిచారా? బరువైన ఫ్యూరాన్‌ను ఎప్పుడు కలిపారు? సీసాను ఎన్ని డిగ్రీలకు, ఎంతసేపు వేడి చేశారు? ఒకే డబ్బా చూశారా, వేర్వేరు బ్యాచ్‌లవి చూశారా? ఆ ప్రయోగశాలకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉంటే, అది ఈ పరీక్షకే ఉందా, లేక వేరే పరీక్షలకు ఉన్నదాన్ని దీనికీ చూపిస్తున్నారా? గుర్తింపు పత్రంలో ఏ ఆహారానికి, ఏ పదార్థానికి, ఏ పద్ధతికి ఇచ్చారన్నది విడివిడిగా రాసి ఉంటుంది.

ఇంట్లో చేయగలిగింది కొంచెమే అయినా, ఫ్యూరాన్ విషయంలో అది పనికొస్తుంది. కొలవడాన్ని కష్టం చేసిన గుణమే ఇక్కడ అక్కరకు వస్తుంది. సీసాలోని శిశు ఆహారాన్ని మూత వేసి అలాగే వెచ్చబెట్టకుండా, గిన్నెలోకి తీసి, మూత లేకుండా కలుపుతూ వేడి చేస్తే అందులోని ఫ్యూరాన్ కొంత గాలిలోకి పోతుంది. అక్రిలమైడ్‌కు ఈ చిట్కా పనిచేయదు. అది ఎగిరిపోయే రకం కాదు.